అడిగి విన్న పాట

జంషెడ్‌పూర్ ఉక్కు నగరంలో ఒకప్పుడు రెండు ధ్వనులు వేలాది జనులకు ఒక్కసారిగా వినిపించేవి. ఒకటి కర్మాగారపు భోంపూ, రెండవది రేడియో. మొదటిది ఆజ్ఞ. షిఫ్టు వేళను చాటి మనుషులను ఇళ్లనుండి కదిలించేది. రెండవది ఎవరినీ ఎక్కడికీ రమ్మనలేదు. చేతిపనిని సాగనిస్తూనే చెవికి తోడుగా ఉండేది. 1912లోనే ఎనిమిది గంటల పనిదినం అమలయిన ఊరది. గడియారానికి కట్టుబడిన అటువంటి జీవనంలో రేడియో పొందిన ఆదరణకు వినోదకాంక్ష ఒక్కటే కారణమా?

కళ్లకూ చేతులకూ పని కల్పించదనీ, అక్షరజ్ఞానం లేనివారికీ అందుతుందనీ సాధారణంగా చెబుతారు. ఇవి సౌకర్యాన్ని వివరిస్తాయి గాని ఆనందాన్ని వివరించవు. గ్రామఫోను రికార్డుకు కూడ ఆ గుణాలున్నవి. అయినా ఇంట్లో రికార్డు ఉన్న పాటే అనుకోకుండా రేడియోలో వస్తే ప్రాణం లేచివస్తుంది. ఎందువల్ల?

దీనికి సమాధానం జార్ఖండ్‌లోనే, ఉత్తరాన కోడర్మా జిల్లాలో దొరుకుతుంది. ఝుమ్రీ తలైయా మన గూడూరు వలె అభ్రకానికి పేరుపడిన పట్టణం. సినిమా పాటలు కోరుతూ రేడియో సిలోన్‌కూ, పిమ్మట వివిధ భారతికీ అక్కడి శ్రోతలు ఎడతెగక ఉత్తరాలు వ్రాసినందున దాని పేరు హిందీ శ్రోతలందరికీ కంఠస్థమయింది. నిజంగా అటువంటి ఊరున్నదా అని సందేహించినవారూ లేకపోలేదు. తనకు తెలిసిన పాట కోసమే ఒకడు కార్డు వ్రాసి, రోజుల తరబడి ఎదురుచూడడం పైకి అవివేకంగా తోస్తుంది. కాని అతడు కోరినది పాటను మాత్రమే కాదు. తనకు ప్రియమైనదాన్ని ముక్కూమొహం తెలియని లక్షలమందికి తన చేతిమీదుగా వడ్డించడాన్ని కోరాడు. పేరు వినపడాలన్న చాపల్యం ఇందులో లేదనను. శిలాశాసనం వేయించుకోని దానాలు చరిత్రలో మాత్రం ఎన్ని?

ఈ సంగతిని గ్రహించడంలో ప్రభుత్వం ఒకసారి పొరబడింది. 1952లో సమాచార, ప్రసార శాఖ మంత్రి అయిన బి.వి.కేస్కర్ శాస్త్రీయ సంగీతానికి పెద్దపీట వేసి, ఆకాశవాణిలో సినిమా పాటకు చోటు తగ్గించారు. ఆశయం ఉన్నతమైనదే. సంగీత జాతీయ కార్యక్రమం ఆ ఏడాదే మొదలయింది. దాని మేలు మరువరానిది. అయితే శ్రోతను విద్యార్థిగా మాత్రమే చూడడం జరిగింది. అతడు బడి మాని కొలంబో వైపు ముల్లు త్రిప్పాడు. 1957 అక్టోబరు 3న వివిధ భారతి ఆరంభమయ్యే వరకు ఆకాశవాణి అతణ్ణి తిరిగి పిలువలేదు. ఇతరులు ఎన్నుకొన్నదాన్ని వినడంలో సుఖమున్నది, నిజమే. కట్టివేసే స్వేచ్ఛ చేతిలో ఉన్నంతవరకే అది సుఖం. అధికారులమైన మేము దీనిని ఆలస్యంగా నేర్చుకొంటాము.

జంషెడ్‌పూర్ తెలుగువారి విషయం మరింత సూక్ష్మమైనది. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలనుండి వచ్చి ఉక్కు పనిలో స్థిరపడినవారు వీరిలో చాలామంది. మీడియం వేవ్ ప్రసారం పగటిపూట ఎక్కువ దూరం పోదు. ప్రొద్దు గ్రుంకిన తరువాత అయనావరణంలో తరంగాలను పీల్చుకొనే క్రింది పొర పలచబడి, పై పొర వాటిని వందల మైళ్ల దూరానికి మళ్లిస్తుంది. కావుననే చీకటి పడితేగాని తెలుగు వినపడేది కాదు. అదీ గరగర శబ్దం నడుమ, దగ్గరవుతూ, దూరమవుతూ. ఆ వేళకు వచ్చేది పాటే కానక్కరలేదు. వరిచేనుకు తగిలే తెగులు గురించిన ప్రసంగమైనా చెవి ఒగ్గి వినేవారున్నారు. కొలిమి దగ్గర పనిచేసి వచ్చిన మనిషికి చేనెక్కడిది? ఆ ప్రసంగం అతనికి ఎందుకూ కొరగాదు. అదే క్షణాన, అదే గొంతు, ఊళ్లో అరుగు మీద కూర్చున్న తండ్రి చెవిన కూడ పడుతూ ఉంటుందని అతనికి తెలుసు.