నడుము వంగిన అబ్రహాము బిడ్డ



కోసిగి నుండి సుగ్గికి బయలుదేరే కుటుంబాలను మీరు చూసే ఉంటారు. మూటలు, వంటపాత్రలు, చంకలో పిల్లలు. గుంటూరు వైపు మిరప చేలలో తెల్లవారింది మొదలు పొద్దుగూకేదాకా వంగి కాయలు కోయాలి. వానలు మొగం చాటేసే మన ప్రాంతానికి ఆ కూలే ఆధారం. అలా వంగిన నడుముల్లో కొన్ని ఇల్లు చేరాక కూడ నిటారుగా నిలవలేవు.

ఆ బాధ మీదైతే మీకు ఎన్నో సలహాలు అందుతాయి. "కత్తి పడితే కాళ్లు పడిపోతాయి" అని ఒకరు. "దేవుడిచ్చిన సిలువ, మోయాలి" అని ఒకరు. "ఈ సుగ్గి దాటనీ, చూద్దాం" అని ఇంటివారు.

పునీత లూకా సువార్త 13వ అధ్యాయం చదవండి. 18 ఏండ్లుగా నడుము వంగిపోయిన స్త్రీ ప్రార్థనామందిరానికి వచ్చింది. ఆమె ఏమీ అడుగలేదు. ప్రభువే చూచి, పిలిచి, చేతులుంచి నిలువబెట్టారు. ఇది నీ సిలువ, మోసుకొని పొమ్మనలేదు. మందిరాధికారి మాత్రం వేరే రోజు రావలసిందని కోపించాడు. విశ్రాంతి దినాన కూడ ఎద్దును విప్పి నీళ్లకు తోలుకుపోతారే, అబ్రహాము బిడ్డయైన ఈమె కట్లు విప్పరాదా అని ప్రభువు వారిని నిలదీశారు.

మన రైతు మెడ పుండైన ఎద్దుకు కాడి పెట్టడు. మానేదాకా గాటిపాటనే ఉంచి మేత వేస్తాడు. ఆ దయ ఇంటి ఇల్లాలి నడుముకు దక్కుతున్నదా?

వైద్యుని గౌరవించమని, అతని నేర్పు దేవుని వరమని సీరా జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం బోధిస్తుంది. కనుక ఆసుపత్రికి పోవడం అవిశ్వాసం కాదు. అలాగని ప్రతి నడుము నొప్పికీ ఆపరేషను అక్కరలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో 61 కోట్ల 90 లక్షల మంది నడుము నొప్పితో ఉన్నారు. వారిలో అత్యధికులకు కత్తితో పనిలేదు. దీర్ఘకాలపు నొప్పికి తగిన వ్యాయామం, అవగాహన ముఖ్యమని ఆ సంస్థ 2023లో సూచించింది. స్కానులో డిస్కు ఉబ్బినట్లు కనబడినంత మాత్రాన భయపడకండి. నొప్పి లేనివారిలోనూ అది కనబడుతుంది. నరం నొక్కుకొని నొప్పి కాలిలోకి పాకుతూ, వారాల తరబడి మందులకు, వ్యాయామానికి తగ్గనప్పుడు ఆపరేషను మేలు చేయవచ్చు. అప్పుడు కూడ కాలి నొప్పి తగ్గినంతగా నడుము నొప్పి తగ్గకపోవచ్చు. అయితే మూత్రం బిగిసినా, తెలియకుండా పోయినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, కాలిలో బలం తగ్గుతూ పోయినా, ఆ రోజే పెద్దాసుపత్రికి పోవాలి. అక్కడ ఆలస్యం ఓర్పు కాదు, ప్రమాదం.

మిగిలినవారు తొందరపడక వైద్యుని అడగండి: ఆగితే ఏమవుతుంది? ఏ నొప్పి తగ్గుతుంది? ఎన్నాళ్లు బరువు మోయరాదు? వీలైతే రెండవ వైద్యుని కూడ అడగండి. వడ్డీకి అప్పు తెచ్చేముందు, ఆ చికిత్సకు ప్రభుత్వ ఆరోగ్య పథకం వర్తిస్తుందేమో కనుక్కోండి. పెద్ద ఆపరేషనుకు ముందు గురువును పిలిచి వ్యాధిగ్రస్తుల అభ్యంగనం పొందండి. అది మరణశయ్యకు మాత్రమే కాదు.

ఇంత చేసినా కొందరికి నొప్పి మిగులుతుంది. పునీత పౌలు తన ముల్లు తీసివేయమని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు, కృప తోడుగా నిలిచింది. అతడు అడిగిన తరువాతనే ఓర్చుకున్నాడని మరువకండి. రెండవ జాన్ పాల్ పోపుగారు 1984లో బాధను గూర్చి వ్రాసిన లేఖలో మంచి సమరీయుని మన ముందుంచారు. ఒకరి బాధ ఇంకొకరి ప్రేమను మేల్కొల్పాలని వారి బోధ.

కనుక, ఇంటివారలారా, ఒక సుగ్గి కూలి పోయినా ఆ నడుముకు విశ్రాంతినివ్వండి. ఇరుగుపొరుగువారలారా, ఆమె నీళ్ల బిందె మీరెత్తండి. రేపు ఉదయం మీ ఇంట గోడ పట్టుకొని లేచేదెవరో చూడండి. ప్రభువువలె, ఆమె అడుగకముందే మీరు పిలువండి.