నమ్మినచో పోవునదేమి?

ధ్యానభాగము: యోబు 1:6–12, దానియేలు 3:13–18

"దేవుడున్నాడో లేడో ఎవరికి తెలియును? ఉన్నాడని నమ్మినచో పోవునదేమున్నది? లేడనుకొన్న తరువాత తీరా ఉన్నచో గతి యేమి?" ఈ మాట రైలు పెట్టెలలో వినబడును, ఆసుపత్రి వసారాలలో వినబడును, ఒక్కొక్కప్పుడు ఆరాధన ముగించుకొని ఇంటికి పోవు సంఘస్థుల నోటనే వినబడును. కళాశాలలో చదువు కుమారుడు తన సందేహములను బయటపెట్టినపుడు, జవాబు తోచని తండ్రి తరచుగా ఆశ్రయించునది ఈ తర్కమునే. ఇందులో లోకజ్ఞానము లేకపోలేదు. బీమా సొమ్ము చెల్లించు గృహస్థుడు తన యిల్లు తగులబడునని నమ్మి చెల్లించడు. తగులబడినచో ఏమగునోయని చెల్లించును. అట్లే ప్రార్థన, కానుక, ఆదివారపు ఆరాధన, ఇవన్నియు పరలోకమునకు కట్టు బీమా వాయిదాలేనా? దేవునియందలి విశ్వాసమును నష్టము లేని పందెముగా ఎంచుట తగునా?

ఈ తర్కమునకు ప్రసిద్ధమైన రూపమిచ్చినవాడు ఫ్రాన్సు దేశీయుడైన బ్లేజ్ పాస్కల్ (1623–1662). గణితములో ఆయన అసాధారణ ప్రజ్ఞాశాలి. పన్నుల లెక్కలు చూచు తండ్రికి సాయముగా, 20 ఏండ్లు నిండకముందే, 1642లో, లెక్కలు కట్టు యంత్రమును నిర్మింప పూనుకొనెను. 1654లో ఫెర్మా అను మరియొక గణితజ్ఞునితో ఉత్తరములు నడపెను. జూదము మధ్యలో ఆగిపోయినచో ఒడ్డిన సొమ్మును ఆటగాండ్రకు న్యాయముగా ఎట్లు పంచవలెను అనునది వారి చర్చ. నేటి సంభావ్యతా గణితమునకు పునాది ఆ ఉత్తరములలోనే పడినది.

క్రైస్తవ విశ్వాసమును సమర్థించుచు ఒక పెద్ద గ్రంథము వ్రాయవలెనని పాస్కల్ సంకల్పించెను గాని, అది పూర్తి కాకమునుపే 39 ఏండ్ల ప్రాయమున మరణించెను. ఆయన విడిచిపోయిన చీటీలను, వ్రాతలను కూర్చి 1670లో "తలంపులు" అను పేరున ప్రచురించిరి. పందెమును గూర్చిన తర్కము వాటిలో ఒకటి. దాని సారాంశమిది: దేవుడున్నాడా లేడా అనుదానిని బుద్ధి ఒక్కటే తేల్చలేదు. అయినను ఊరకుండుటకు వీలులేదు. బ్రదుకుచున్న ప్రతివాడును ఏదో ఒక పక్షమున ఒడ్డియే యున్నాడు. ఉన్నాడని ఒడ్డి గెలిచినచో లాభము అనంతము. ఓడినచో పోవునది అల్పము. లేడని ఒడ్డినవానికి గెలిచినను దొరకునది అల్పమే. ఓడినచో నష్టము అపారము. కాబట్టి వివేకి ఉన్నాడనియే ఒడ్డవలెను.

ఇట్టి ఆలోచన పాస్కల్‌తో పుట్టినది కాదు. క్రీ.శ. 300 ప్రాంతమున ఉత్తర ఆఫ్రికాలోని అర్నోబియస్ అను క్రైస్తవ రచయిత, రెండు సంగతులును అనిశ్చితములైనపుడు నిరీక్షణ నిచ్చుదానినే నమ్ముట మేలని వాదించెను. భారతదేశమునకును ఇది క్రొత్త కాదు. పాలీ భాషలోని మజ్ఝిమ నికాయమునందు అపణ్ణక సుత్తము అను ఉపదేశము కలదు. పరలోకము ఉన్నను లేకున్నను సత్ప్రవర్తన గలవాడు నష్టపడడని గౌతమ బుద్ధుడు కోసల దేశపు గృహస్థులకు అందులో బోధించినట్లున్నది. ఒకే తర్కము రెండు వేర్వేరు మార్గములకు తోడ్పడుచున్నదనగా, అది ఏ ఒక్క దేవునియొద్దకును నడిపింపజాలదని తేలుచున్నది.

పాస్కల్ తర్కముపై వచ్చిన మొదటి ఆక్షేపణ ఇదియే. ఏ మతాచార్యుడైనను ఇదే వాదమును తన మతమునకు వాడుకొనవచ్చునని 18వ శతాబ్దమున దిదెరో ఎత్తిచూపెను. ఈ దేశమున ఆ ఆక్షేపణను గ్రంథములలో వెదకనక్కరలేదు. అన్ని పటములకును ఒక దండము పెట్టినచో ఎవరో ఒకరు ఆదుకొందురని తలచు ఇంటిలో, ఆ వరుసలోనే యేసు ప్రభువు పటమును కూడ చేర్చుకొందురు. అది ద్వేషముతో చేసిన పని కాదు. పందెపు లెక్క ప్రకారము అదియే మిక్కిలి క్షేమకరము. లెక్క సరియైనదే గాని, ఆ లెక్కలో ప్రభువు ఒక పటముగా మిగిలిపోవుచున్నాడు.

రెండవ ఆక్షేపణ 1734లో వోల్టేరు చేసినది: ఒక సంగతి నిజమైనచో బాగుండునని కోరుకొనుట, అది నిజమనుటకు రుజువు కాదు. మూడవదానిని అమెరికా తత్త్వవేత్త విలియం జేమ్స్ 1896లో తెలిపెను. లాభము లెక్కించి నమ్మినవారికి బహుమానము దక్కకుండ చేయుటయే దేవునికి ఇష్టమగునేమో అని ఆయన చమత్కరించెను. ఆ చమత్కారము గ్రుచ్చుకొనును. తండ్రి యెడల ప్రేమ లేకున్నను ఆస్తి పోవునేమోయని ప్రతి నెలయు ఉత్తరము వ్రాయు కుమారుని, ఆ తండ్రి గుర్తింపకుండునా?

ఈ ప్రశ్నను తత్త్వవేత్తలకన్న ఎంతో ముందుగా పరిశుద్ధ గ్రంథమే లేవనెత్తినది. అదియు సాతాను నోట! యోబు యథార్థతను దేవుడు మెచ్చుకొనినపుడు, అపవాది యోబు పాపములను ఎత్తిచూపలేదు. అతని భక్తి ఉచితమైనది కాదనెను. చుట్టు కంచె, చేతుల పనికి దీవెన, విస్తారమైన పశుసంపద ఉన్నవి గనుకనే అతడు భయభక్తులు గలిగియున్నాడని వాదించెను. అనగా యోబు విశ్వాసము లాభసాటియైన పందెము మాత్రమే అనునది సాతాను ఆరోపణ. ఆ గ్రంథములోని బాధ యంతయు, కన్నీరంతయు ఈ ఒక్క ఆరోపణకు ప్రత్యుత్తరము. సర్వము కోల్పోయి బూడిదలో కూర్చుండినవాడు దేవునితో వాదించెను, విలపించెను, ప్రశ్నించెను, అయినను విడిచిపోలేదు. నష్టము వచ్చిన పందెమును జూదరి వదలుకొనును. యోబు వదలలేదు గనుక అతనిది పందెము కాదని తేలినది.

దానియేలు గ్రంథములోని ముగ్గురు యౌవనస్థుల మాట మరింత స్పష్టమైనది. నెబుకద్నెజరు ఎదుట షద్రకు, మేషాకు, అబేద్నెగో అనువారు రెండు సంగతులు పలికిరి. తాము సేవించు దేవుడు అగ్నిగుండమునుండి తప్పింప సమర్థుడని మొదట చెప్పిరి. ఒకవేళ ఆయన తప్పింపకపోయినను రాజు నిలువబెట్టిన ప్రతిమకు మ్రొక్కమని తరువాత చెప్పిరి. ఈ రెండవ మాటకు పందెపు లెక్కలో చోటు లేదు. పందెమంతయు ఫలితముపై నిలిచియుండును. వారి విశ్వాసము ఫలితము తెలియకమునుపే దేవునిపై నిలిచినది. ఆ దినమున బబులోను మైదానములో క్షేమకరమైన పందెమేదియని ఎవరినైన అడిగినచో, వాద్యములు వినబడగానే సాగిలపడుటయే అని చెప్పియుందురు.

ఇక్కడనే "పోవునదేమున్నది?" అను మాటయొక్క డొల్లతనము బయటపడుచున్నది. నమ్మినవానికి ఏమియు పోదనునది నిజమా? పౌలు అట్లు చెప్పలేదు. క్రీస్తు లేపబడనియెడల విశ్వాసులు మనుష్యులందరిలో దౌర్భాగ్యులని 1 కొరింథీయులకు 15వ అధ్యాయములో ఆయన ఒప్పుకొనెను. క్రీస్తు లేవకున్నను తాము నష్టపోయినదేమియు లేదని సరిపెట్టుకొనుటకు ఆయన సమ్మతింపలేదు. దెబ్బలు, చెర, ఆకలి, ఓడ పగులుట, ఇవన్నియు ఆయన ఖాతాలో నిజమైన నష్టములే.

తెలుగు సంఘమునకును ఈ సంగతి తెలియనిది కాదు. 1950లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల గుర్తింపును మతముతో ముడిపెట్టినది. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును ఆ గుర్తింపు వర్తించునట్లు దానిని సవరించిరి; ఆ సవరణలలో క్రైస్తవులను చేర్చలేదు. మాల, మాదిగ గృహములలో పుట్టి బాప్తిస్మము పొందిన యువకునికి, విద్యాలయపు దరఖాస్తులో మతము అను గడి యెదుట కలము ఆగును. అతనిని చూచి "నమ్మినచో పోవునదేమి?" అని అడుగువారు ఆ గడిని ఎన్నడును పూరింపనివారే. ఆ నిబంధన న్యాయమా కాదా అనునది చట్టసభలును న్యాయస్థానములును తేల్చవలసిన ప్రశ్న. ఆ బరువు మోయనివారు అతనికి తీర్పు తీర్చుటయు తగదు. అయినను ఒక్క సంగతి దాచరానిది: అతనికి విశ్వాసము ఖర్చు లేని పందెము కాదు. విశ్వాసము ఖర్చు లేనిదిగా ఎవరికైన తోచుచున్నచో, ఆ ఖర్చును వారికి బదులు మరియొకరు చెల్లించియుండవచ్చును.

లాభమును విశ్వాసమును వేరుపరచుటకు ప్రయాసపడిన ఒక చరిత్ర ఒంగోలు ప్రాంతమున కలదు. 1876–78 నాటి ఘోర కరవులో అమెరికన్ బాప్తిస్టు మిషనెరీ జె. ఇ. క్లౌ, ఆకలిగొన్నవారికి పని కల్పించుటకై బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో ఒక భాగమును గుత్తకు తీసికొనెను. పని చేసినవారికి కూలి దొరకినది, ప్రాణములు నిలిచినవి. వారిలో అనేకులు సువార్త వినిరి. వందలాదిగా వచ్చి బాప్తిస్మము నడిగిరి. ఆయన ఇయ్యలేదు. అన్నము కొరకు వచ్చినవారెవరో, క్రీస్తు కొరకు వచ్చినవారెవరో తెలియని కాలమున బాప్తిస్మమిచ్చుట తగదని, ఒక సంవత్సరమునకు పైగా దానిని నిలిపివేసెను. సహాయపు పనులు ముగిసి, ఇక ఇచ్చుటకు ఏమియు లేదని చెప్పిన తరువాతను జనులు వెనుకకు పోలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారందరి హృదయములను త్రాసులో తూచగలవాడు దేవుడొక్కడే. అయితే ఆ నిరీక్షణ కాలము చేసిన పనిని గమనింపవలెను. అది పందెమునుండి ఒడ్డిన సొమ్మును తీసివేసినది. అప్పుడును మిగిలియున్నదేదో అదియే విశ్వాసమునకు మొదలు.

అట్లయినచో పాస్కల్ తర్కము వ్యర్థమా? న్యాయముగా చెప్పవలెనన్న, దానిని ఆయన దేవుడున్నాడనుటకు రుజువుగా ఉంచలేదు. దేవుని గూర్చి ఆలోచించుటకే తీరిక లేనివానిని, లాభనష్టముల భాష మాత్రమే ఎరిగినవానిని, ఆ భాషలోనే పలుకరించి మేల్కొలుపుట ఆయన ఉద్దేశము. నిద్రించువానిని లేపుటకు తలుపు తట్టవలెను. అయితే తలుపు చప్పుడే భోజనము కాదు. నమ్మవలెనని యున్నను నమ్మలేకున్నానని అట్టివాడు మొరపెట్టుకొన్నచో, విశ్వాసులు నడచిన త్రోవను పట్టి నడువుమని, అడ్డుపడునది బుద్ధికన్న దురాశలేయని పాస్కల్ సమాధానము. యోహాను 7:17లో ప్రభువు చెప్పినదానికి ఇది దూరము కాదు: దేవుని చిత్తము చేయగోరువానికి ఆ బోధ ఎక్కడిదో తెలిసికొను మార్గము తెరువబడును.

పాస్కల్ తానే తన పందెముపై నిలువలేదు. 1654 నవంబరు 23 రాత్రి, సుమారు రెండు గంటలసేపు, ఆయనకు దేవుని సన్నిధి అనుభవమైనది. తాను ఎదుర్కొన్నవాడు తత్త్వవేత్తల దేవుడు కాడనియు, అబ్రాహాము ఇస్సాకు యాకోబుల దేవుడనియు వ్రాసికొని, ఆ వ్రాతను తన అంగీ లోపల కుట్టుకొని ఎనిమిదేండ్లు మోసెను. ఆయన మరణించిన తరువాతనే ఒక సేవకుడు దానిని కనుగొనెను. లోకమునకు ఆయన విడిచినది పందెపు లెక్క. గుండెకు ఆనించి మోసినది మాత్రము ఆ సాక్ష్యము.

ఆయన చివరి దినములును లెక్కకు లొంగవు. ఒక బీద కుటుంబమునకు ఆయన తన యింట చోటిచ్చెను. వారి బిడ్డకు మశూచి సోకినపుడు, బిడ్డను కదల్చుట అపాయకరమని యెంచి, రోగియైన తానే ఇల్లు విడిచి సోదరి గిల్బెర్త్ ఇంటికి వెళ్లెను. అక్కడనే 1662 ఆగస్టు 19న కన్ను మూసెను. క్షేమకరమైన పందెమును వెదకువాడు పరాయి బిడ్డకొరకు తన యింటిని విడిచిపోడు.

కాబట్టి ఎవడైనను "ఎందుకైనను మంచిదని నమ్ముచున్నాను" అనుచు మందిరపు గుమ్మమునొద్ద నిలిచినచో, అతనిని పరిహసింపరాదు. రొట్టెలు తిని తృప్తిపొందినందుననే వెదకివచ్చిన జనసమూహమును ప్రభువు తరిమివేయలేదు; వారి ఉద్దేశమును వారికి తెలియజేసి, తానే జీవాహారమని ప్రకటించెను. బేతేలులో యాకోబు మ్రొక్కుబడియు బేరమువలెనే యున్నది: అన్నమును వస్త్రమును ఇచ్చి క్షేమముగా తిరిగి రప్పించినయెడల యెహోవా తనకు దేవుడగునని అతడనెను. దేవుడు ఆ బేరగానిని విడువలేదు. ఇరువది యేండ్లు వెంటనుండి, పెనూయేలునొద్ద పెనుగులాడి, తొడ గూడు వసిలించి, క్రొత్త పేరిచ్చెను. బేరమాడ వచ్చినవాడు ఆశీర్వదించువరకు పోనియ్యనని పట్టుకొనువాడాయెను.

గుమ్మమునొద్దకు పందెముగా వచ్చినవాడు అక్కడనే నిలిచిపోకుండును గాక! అగ్నిగుండము ఎదుట నిలిచిన ఆ ముగ్గురి నోట వచ్చిన రెండవ మాట, దేవుడు తప్పింపకపోయినను ఆయననే సేవింతుమను మాట, ఈ సంవత్సరమున ప్రతి విశ్వాసి హృదయములోను వ్రాయబడును గాక! ఆమేన్.