తుంటి తిరిగేలోపు ఆలోచనకు చోటెక్కడ?

బేస్‌బాల్‌లో పిచర్ నిలబడే చోటికీ హోమ్ ప్లేటుకూ మధ్య దూరం 60 అడుగుల 6 అంగుళాలు. గంటకు 95 మైళ్ల వేగంతో వదిలిన బంతి ప్లేటును చేరడానికి పట్టేది సుమారు 0.4 సెకను. అందులో దాదాపు 0.15 సెకను బ్యాటు తిప్పడానికే పోతుంది. బంతి ఒంటికి దగ్గరగా వస్తోందా, దూరంగా పోతోందా అన్నది మిగిలిన కాస్త వ్యవధిలోనే తేలిపోవాలి. ఇంత ఇరుకులో జరిగేదాన్ని నిర్ణయం అనవచ్చునా?

కుడిచేతి బ్యాటర్‌నే తీసుకుంటే, ముందు కాలు నేలకు ఆనగానే తుంటి తిరగడం మొదలవుతుంది. దాని వెనకే మొండెం, భుజాలు, చేతులు, చివరికి బ్యాటు. దగ్గరి బంతిని ప్లేటుకు ముందుగానే అందుకోవాలి. ఆలస్యమైతే అది బ్యాటు పిడి దగ్గర తగిలి చచ్చుబడుతుంది. కాబట్టి బంతి తగిలేసరికి తుంటి చాలామటుకు పిచర్ వైపు తిరిగి ఉంటుంది, బంతి ఎడమ వైపు దూసుకుపోతుంది. దూరపు బంతిని ఇంకాస్త లోపలికి రానిచ్చి కొట్టాలి. అప్పుడు తుంటి అంతగా తెరుచుకోదు, బంతి కుడి వైపుకు వెళుతుంది. తొందరపడి ముందే తిప్పేసినవాడు దూరపు బంతిని బ్యాటు కొసతో తాకి, నేలబారు దెబ్బతో ఔటవుతాడు.

ఇదంతా వట్టి అసంకల్పిత చర్య అని తేల్చేయడం సులువు, కానీ సరికాదు. మోకాలి కింద సుత్తితో తడితే ఎగిరే కాలు మధ్యలో ఆగదు. బ్యాటర్ మాత్రం, బంతి చెడ్డదని కనిపెడితే, మొదలైన స్వింగ్‌ను సగంలో బిగబట్టగలడు. తుంటి కదిలాక కూడా దిద్దుబాటుకు వీలుందంటే ఆ కదలికలోనే తెలివి ఉన్నట్టు.

ఇంగ్లిష్ తత్త్వవేత్త గిల్బర్ట్ రైల్ 1949లో వచ్చిన ‘ద కాన్సెప్ట్ ఆఫ్ మైండ్’లో చేసిన వాదన ఇక్కడ గట్టిగా పనికొస్తుంది. తెలివైన ప్రతి పనికీ ముందు తెలివైన ఆలోచన ఒకటి జరిగి తీరాలంటే, ఆ ఆలోచనకు ముందు మరొకటి కావాలి. ఆ వరసకు అంతుండదు. కనుక పని చేసే తీరులోనే తెలివి ఉంటుందని ఒప్పుకోక తప్పదు. తుంటి ఎంత తిరగాలో బ్యాటర్ లెక్క కట్టుకోడు, అయినా సరిగ్గా తిప్పుతాడు.

అయితే సంకల్పానికి అసలు చోటే లేదా? ఉంది, కాకపోతే బంతి చేయి దాటకముందు. మూడు బాల్స్ (కొట్టకుండా వదిలేసిన చెడ్డ బంతులు) పడి ఒక్క స్ట్రైక్ కూడా లేనప్పుడు బ్యాటర్ తనకు నచ్చిన చోటు ఒకటి ఎంచుకుని, అక్కడికి వస్తేనే కొడదామని కాచుకోవచ్చు. రెండు స్ట్రైకులు పడ్డాక, మూడోదానికి ఔటే కాబట్టి, ఆ వెసులుబాటు పోతుంది. చాలామంది బంతిని మరింత లోపలికి రానిచ్చి, అందిన దిక్కుకు కొడతారు. దగ్గరి బంతి వస్తుందని కాచుకున్నవాడికి దూరపు బంతి పడి తుంటి ముందే తెరుచుకుపోతే, తప్పు పట్టవలసింది అతని అంచనాను. ఆ అంచనా కట్టింది అతనే, తీరుబడిగా, బంతి ఇంకా పిచర్ చేతిలో ఉండగానే.