గిల్టు నగ: అబద్ధం ఎవరిది?

విజయవాడ బీసెంట్ రోడ్డులో సాయంత్రం పూట నడిస్తే కన్ను ఒక్కచోట నిలవదు. ఫోన్ కవర్లు, రంగు బల్బుల తోరణాలు, తాడు లాగితే ఉల్లిపాయలు ముక్కలు చేసే ప్లాస్టిక్ డబ్బాలు, ఏ సినిమా పేరో సీరియల్ పేరో తగిలించుకున్న చీరలు, జడ క్లిప్పులు. వీటన్నిటి మధ్య నల్లటి ముఖమల్ గుడ్డ చుట్టిన బొమ్మ మెడల మీద గిల్టు నగలు. కాసులపేరు, చంద్రహారం, పలకసర్లు, నల్లపూసలు. ఇళ్ళలో పెద్దవాళ్ళ పెట్టెల్లో కూడా ఇప్పుడు కనిపించని పాతకాలపు నమూనాలన్నీ ఇక్కడ కొన్ని వందల రూపాయలకు వేలాడుతూ ఉంటాయి. నా కన్ను ఎప్పుడూ ఆగేది వీటి దగ్గరే.

వస్తువు దగ్గర కన్ను ఆగడం సహజం. అయితే ఎవరి కన్ను ఎక్కడ ఆగిందన్నదాన్ని బట్టి మనం దానికి వేరు వేరు పేర్లు పెడతాం. కొత్త ఫోను దగ్గరో, కొత్త వాచీ దగ్గరో మగవాడు ఆగితే అది ‘ఆసక్తి’. గాజుల బండి దగ్గర ఆడమనిషి ఆగితే అది ‘మోజు’. ఆసక్తికి తెలివితో చుట్టరికం, మోజుకి బలహీనతతో. ఇక ఆ ఆగింది గిల్టు నగ దగ్గరైతే దానికి ఇంకో నేరం కూడా తోడవుతుంది. లేనిది ఉన్నట్టు చూపించుకోవడం, అంటే అబద్ధం. ఈ వ్యాసంలో నేను పరిశీలించాలనుకున్నది ఈ రెండో ఆరోపణని. గిల్టు నగ నిజంగా అబద్ధమేనా? అబద్ధమే అయితే దాన్ని చెబుతున్నది ఎవరు?

ఈ నగల పుట్టిల్లు బందరు. మచిలీపట్నంలో భాగమైన చిలకలపూడి పేరు తెలుగు వాళ్ళకి రెండు రకాలుగా తెలుసు, ఒకటి పాండురంగడి గుడి, రెండోది గిల్టు. ‘చిలకలపూడి బంగారం’ అన్న మాట ఒక వస్తువు పేరుగా మొదలై, పైకి మెరిసే మనుషుల మీద ఎత్తిపొడుపుగా మారింది. రాగి కలిసిన లోహాన్ని తీగలుగా లాగి, అచ్చుల్లో ఒత్తి, అతికి, రాళ్ళు పొదిగి, మెరుగుపెట్టి, ఆఖరున పలుచగా బంగారు పూత పూస్తారు. అంటే గిల్టులోనూ బంగారం ఉంది. మరి ‘అసలు’ నగలో ఉన్నదంతా బంగారమేనా అంటే అదీ కాదు. ఇరవైనాలుగు క్యారెట్ల మేలిమి మరీ మెత్తన, నగకి నిలవదు. అందుకే రాగి, వెండి లాంటివి కలుపుతారు. మనం గొప్పగా చెప్పుకునే ‘916’ అంటే వెయ్యి పాళ్ళలో 916 పాళ్ళు బంగారమని, మిగిలింది వేరే లోహమని ఒప్పుకోలు. కల్తీ లేని నగ లేదు. తేడా పాళ్ళలో ఉంది. ఆ పాళ్ళ తేడా ధర తేడాగా మిగలాలి. కానీ అది నీతి తేడాగా మారింది.

మన భాషలోనే ఆ మార్పు కనిపిస్తుంది. మేలిమి, వన్నె, పుటం, గీటురాయి, ఇవన్నీ కంసాలి కొలిమి దగ్గరి మాటలు. వాటినే మనుషుల గుణం చెప్పడానికి వాడతాం. కంచుకీ కనకానికీ తేడా చూపించి అల్పుడెవరో సజ్జనుడెవరో చెప్పాడు వేమన. అయితే ఈ లోహపరీక్ష ఆడవాళ్ళ మీద జరిగినంత కఠినంగా మగవాళ్ళ మీద జరగలేదు. పుటం పెట్టిన బంగారంలా నిప్పులోంచి బయటపడాల్సింది సీతే. ఆడపిల్లని ‘బంగారు తల్లి’ అన్నప్పుడు అందులో ముద్దు ఎంత ఉందో, విలువ కట్టడం కూడా అంతే ఉంది. స్త్రీని బంగారంతో పోల్చిన సమాజం ఆమె వంటిమీద బంగారం కోసం వెతుకుతుంది. అది దొరకకపోతే ఆమె గుణాన్నే అనుమానిస్తుంది.

సాహిత్యం చదువుకున్న వాళ్ళకి ఈ సందర్భంలో మొపాసా 1884లో రాసిన ‘నెక్లెస్’ కథ గుర్తుకు రాకుండా ఉండదు. మాటిల్డా ఒక విందు కోసం స్నేహితురాలి వజ్రాల హారం అరువు తెచ్చుకుని పోగొట్టుకుంటుంది. ముప్పై ఆరు వేల ఫ్రాంకులు పెట్టి అలాంటిదే కొని ఇచ్చేస్తుంది. ఆ అప్పు తీర్చడానికి భార్యాభర్తలిద్దరూ పదేళ్ళు అరిగిపోతారు. చివరికి తెలుస్తుంది, అరువు తెచ్చిన హారం నకిలీదని, మహా అయితే అయిదువందల ఫ్రాంకులు చేస్తుందని. తరగతి గదుల్లో ఈ కథని ఆడంబరం కోరుకున్న స్త్రీకి పడిన శిక్షగానే చెబుతూ వచ్చారు. కథలో ఇంకో స్త్రీ ఉంది కదా, ఆ హారం సొంతదారు. ఆమె నగల పెట్టెలో నకిలీ వజ్రాలున్నాయి. ఆమెని ఎవరూ తప్పు పట్టరు. ఎందుకంటే ఆమె ధనవంతురాలు. ఆమె మెడలో ఉన్నంతకాలం అవి నిజమైనవే.

ఇది పారిస్ సంగతి మాత్రమే కాదు. బెజవాడ పెళ్ళిళ్ళలోనూ ఇదే సూత్రం. నాలుగు మేడలున్న ఇంటి కోడలు వన్ గ్రామ్ గోల్డ్ హారం వేసుకొస్తే అందరూ దాని తూకం ఎంతుంటుందో అంచనా వేస్తారు. ఆమె ఇంట్లో అంట్లు తోమే మనిషి కష్టపడి కొనుక్కున్న నిజమైన బంగారు బుట్టలు పెట్టుకొస్తే ‘గిల్టువా?’ అని అడుగుతారు. కాదంటే ‘ఎక్కడివి?’ అని అడుగుతారు. ఆ రెండో ప్రశ్నలో ఏముందో ఆమెకి తెలుసు, అడిగినవాళ్ళకీ తెలుసు. ఏ గీటురాయీ లేకుండానే అసలూ నకిలీ తేలిపోతున్నాయి. వేసుకున్న మనిషి వర్గమూ కులమూ చూసి, దాన్ని బట్టి లోహాన్ని నిర్ణయిస్తున్నారు. అలాంటప్పుడు గిల్టు వేసుకోవడాన్ని అబద్ధమంటే, ఈ చూపుని ఏమనాలి?

గిల్టుని మనం ఎప్పుడూ తప్పు పట్టం కూడా. రంగస్థలం మీద అది కళ. బాపట్లకి చెందిన స్థానం నరసింహారావు శ్రీకృష్ణ తులాభారం నాటకంలో సత్యభామగా తెలుగుదేశాన్ని మురిపించాడు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ (1935-2012) భామాకలాపం సత్యభామకి మారుపేరయ్యాడు. మగవాళ్ళు ఆడవేషంలో, అసలు కాని నగలతో, అసలైన సౌందర్యాన్ని సృష్టించారని మెచ్చుకున్నాం. మెచ్చుకోవాల్సిందే. తులాభారం కథ చెప్పే నీతి మాత్రం గమనించండి. సత్యభామ తన బంగారమంతా తక్కెట్లో పోసినా కృష్ణుడితో తూగదు, రుక్మిణి వేసిన తులసిదళానికి తూగుతాడు. బంగారాన్ని నమ్ముకున్న ఆడదానికి గర్వభంగం. ఆ పాఠాన్ని దశాబ్దాల పాటు మనకి చెప్పింది గిల్టు నగలు పెట్టుకున్న మగవాళ్ళు! వేదిక మీద మగవాడి వంటిమీద ప్రతిభ అయింది, వీధిలో ఆడదాని వంటిమీదకి వచ్చేసరికి మోసమెందుకవుతుందో మన అలంకారశాస్త్రం చెప్పదు.

నిజమైన బంగారం సంగతికొద్దాం. స్త్రీలకి బంగారం పిచ్చి అంటారు కానీ, వాళ్ళనుంచి దాన్ని అడిగి తీసుకున్న సందర్భాలు మన చరిత్రలో చాలా ఉన్నాయి. 1921లో కాకినాడ వచ్చిన గాంధీకి ఇంకా చిన్నపిల్లగా ఉన్న దుర్గాబాయి తన బంగారు గాజులు తీసి ఇచ్చింది. 1962 చైనా యుద్ధం నాడు రక్షణ నిధికి దేశమంతటా స్త్రీలు నగలిచ్చారు. ఆ మరుసటి జనవరిలోనే ప్రభుత్వం పద్నాలుగు క్యారెట్లకి మించిన కొత్త నగలు చెయ్యకూడదని నిబంధన పెట్టింది. ఎందరో కంసాలుల బతుకు తెరువు పోయింది. 1968లో వచ్చిన బంగారం నియంత్రణ చట్టం 1990 దాకా ఉంది. 2021 నుంచి హాల్‌మార్కు విడతలవారీగా తప్పనిసరై, నగకి ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన గుర్తింపు సంఖ్య కూడా వచ్చింది. నగ నిజాయితీకి రాజ్యం ఇంత శ్రద్ధగా హామీ పడుతోంది. కానీ ఆ నగ ఎవరిదన్న ప్రశ్నకి ఆరక్షరాల్లో జవాబు లేదు.

నా దృష్టిలో అసలు విషయం ఇక్కడే ఉంది. డెల్టాలో బంగారం పెట్టెలో ఉండేది తక్కువ, తాకట్టులో ఉండేది ఎక్కువ. వరి పెట్టుబడికి, రొయ్యల చెరువు లీజుకి, పిల్లవాడి కాలేజీ ఫీజుకి అన్నిటికంటే ముందు కదిలేది ఇంటి ఆడవాళ్ళ మెడలోదే. మా బంధువుల్లో ఒకావిడ ఉంది, నాకు పిన్ని వరస. కైకలూరు వైపు చెరువులు చేశారు. ఆవిడ నానుతాడుతో సహా అన్నీ తాకట్టుకి వెళ్ళాయి. రొయ్యలకి రోగమొచ్చి పంట పోయింది. నగలు తిరిగి రాలేదు. ఆడపడుచు కూతురి పెళ్ళికి ముందు రోజు బాబాయే బందరు వెళ్ళి పాత నగల నమూనాలోనే గిల్టువి తెచ్చి ఇచ్చాడు. ‘నలుగుర్లో పరువు పోకూడదు’ అన్నాడట. తర్వాత ఒకసారి ఆవిడ నాతో అంది: “బరువు తేడా నా మెడకి తెలిసిపోతూనే ఉందమ్మాయ్. నవ్వుతూ తిరగడమే కష్టమైంది.”

ఆ నగ అబద్ధం చెప్పిందా? చెప్పింది. కానీ అది ఆవిడ అబద్ధం కాదు. కుటుంబం అప్పునీ, మగవాడి పరువునీ కప్పిపుచ్చే అబద్ధాన్ని మోసే బాధ్యత ఆవిడ మెడ మీద పడింది. ఎవరైనా కనిపెడితే మాత్రం ‘గిల్టు వేసుకొచ్చింది’ అని నవ్వేది ఆవిడని చూసే. స్త్రీధనం పూర్తిగా స్త్రీదేనని, భర్త దగ్గర ఉన్నంత మాత్రాన అతనిది అయిపోదని సుప్రీం కోర్టు 1985లోనే ప్రతిభారాణి కేసులో స్పష్టంగా చెప్పింది. ఆ తర్వాతి ఏడాది ఆంధ్రప్రదేశ్ చట్టం కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు ఇచ్చింది, కేంద్రం కంటే దాదాపు ఇరవై ఏళ్ళ ముందు. అయినా పొలం పంపకాల దగ్గర ‘నీకు పెళ్ళిలో బంగారం పెట్టాం కదమ్మా’ అన్న ఒక్క మాటతో సంతకం పెట్టించుకోవడం మనకి కొత్త కాదు. భూమి బదులు బంగారం, ఆ బంగారం బదులు గిల్టు. హక్కు ఇలా మెట్టు మెట్టు దిగి చివరికి ఒక పూతగా మిగులుతుంది.

అందుకే గిల్టుని విముక్తి చిహ్నంగా ఎత్తుకోవడానికి కూడా నా మనసు ఒప్పదు. దాని మేలు నాకు తెలుసు. రాత్రి బస్సులో మెడ పట్టుకుని కూర్చోనక్కర్లేదు. నచ్చిన నమూనా అత్తగారి అనుమతి లేకుండా కొనుక్కోవచ్చు, విసుగొస్తే చెల్లెలికి ఇచ్చేయొచ్చు. పది గ్రాముల బంగారం 2025లో లక్ష రూపాయలు దాటాక, అందం మీద డబ్బున్న వాళ్ళకి మాత్రమే హక్కు ఉండకూడదనుకుంటే గిల్టుని కాదనలేం. కానీ ఆపద వస్తే గిల్టుని ఎవరూ కుదువ పెట్టుకోరు. ఇల్లు వదిలి రావాల్సి వచ్చిన ఆడదానికి వారం రోజుల అద్దె కూడా అది కట్టలేదు. సొగసు ఇస్తుంది, భద్రత ఇవ్వదు. పైగా బంగారం పెత్తనాన్ని అది ప్రశ్నించదు. బంగారంలా ఉండాలని ప్రయత్నించడమే బంగారానికి దణ్ణం పెట్టడం.

ఇంకో మౌనం కూడా ఉంది. బందరు వీధుల్లో, ఇళ్ళ అరుగుల మీద చిన్న పట్టకారుతో రాళ్ళు అతికే చేతుల్లో చాలా భాగం ఆడవాళ్ళవి. పని లెక్కన కూలి. బంగారు పూతకి సైనైడ్ లవణాలు వాడడం లోకమంతటా ఉన్న పద్ధతి, మెరుగుకి ఆమ్లాలు. నగ నకిలీ కావచ్చు గానీ, దానిమీద పోయిన కంటిచూపూ నడుంనొప్పీ నకిలీవి కావు. ‘అసలా, నకిలీయా?’ అన్న ప్రశ్న ఆ శ్రమని చూడనివ్వదు.

ఉత్తరకాండలో రాముడు అశ్వమేధానికి కూర్చున్నప్పుడు పక్కన సీత లేదు, అడవిలో ఉంది. ఆమె స్థానంలో బంగారంతో చేసిన సీత బొమ్మని కూర్చోబెట్టారు. లోహం మేలిమిదే అయి ఉంటుంది, సందేహం లేదు. భార్యే నకిలీ. ఆ యజ్ఞశాలలో ఎవరూ దాన్ని అబద్ధమనలేదు, అది ఏకపత్నీవ్రతానికి నిదర్శనమైంది. నిజమైన బంగారం కూడా ఎంత పెద్ద అబద్ధం మోయగలదో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. అబద్ధం లోహంలో ఉండదు. ఎవరి బదులు, ఎవరి సౌకర్యం కోసం, ఏ ఖాళీని కప్పడానికి దాన్ని అక్కడ పెట్టారన్నదాంట్లో ఉంటుంది.

కాబట్టి ఆడమనిషి మెడలో మెరుస్తున్న దాన్ని చూసి ‘అసలుదేనా?’ అని అడిగే అలవాటు మానేద్దాం, ముఖ్యంగా మనలో మనం. అడగాలనే ఉంటే ఇలా అడుగుదాం: ఇది నువ్వు ఇష్టపడి కొనుక్కున్నావా? నీ బంగారం ఇప్పుడు ఎక్కడుంది? కాగితం ఎవరి పేరు మీద ఉంది? మొదటి ప్రశ్నకి నవ్వుతూ జవాబొస్తే ఆ నగ ఏ లోహమైనా నిజమైనదే. మిగతా రెండిటికీ జవాబు రాకపోతే, తూకం చూడాల్సింది నగని కాదు.