సీసా కొనే ముందు

నాయనా, ఈ ఏడు వేరుశనక్కి నానో జింకు, బోరు కింద వరికి నానో యూరియా కొడతానని, బస్తాలు మోసే బాధ వదిలిపోతుందని ఫోన్లో చెప్పావు. కొత్తదాన్ని పట్టుకోవాలన్న నీ ఉత్సాహం నాకు నచ్చింది. వద్దనను. విత్తు పడకముందే నాలుగు మాటలు నీ చెవిన వేస్తాను, అంతే.

ముందు వరి సంగతి. 2021లో ఇఫ్కో అనే ఎరువుల సంస్థ వాళ్ళు నానో యూరియా తెచ్చినప్పుడు అర లీటరు సీసా ఒక బస్తాకు సమానమన్నారు. నువ్వే కాగితం మీద లెక్క వేసి చూడు. 45 కిలోల బస్తాలో నూటికి 46 వంతులు నత్రజని, అంటే 20 కిలోల పైమాటే. నాలుగు శాతం నత్రజని ఉన్న అర లీటరులో ఉండేది 20 గ్రాములు. 20 శాతం ఉన్నదే తెచ్చావనుకో, అప్పుడూ 100 గ్రాములే. మనం చల్లే యూరియాలో సగానికి పైగా గాలికీ నీటికీ పోతుందన్నది నిజమే, ఆకు మీద కొట్టింది అంత వృథా కాదన్నదీ నిజమే. కానీ ఒక్క చుక్క పోకుండా ఆకు తాగినా 20 గ్రాములు 20 గ్రాములే కదా! టన్ను వడ్లు పండాలంటే పైరుకి సుమారు 20 కిలోల నత్రజని కావాలి. మిగతాది ఎక్కణ్ణుంచి వస్తుంది?

లూధియానాలో పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు వరి మీద, గోధుమ మీద రెండేళ్ళు పరీక్షించారు. యూరియా తగ్గించి దాని బదులు నానో యూరియా కొట్టిన మళ్ళలో దిగుబడి పడిపోయింది, గింజలో నత్రజనీ తగ్గింది. గింజలో నత్రజని తగ్గితే మాంసకృత్తులు తగ్గినట్టే. ఆ నష్టం కాటాలో కనబడదు, అన్నం తినే పిల్లలకు తగులుతుంది. ఇఫ్కో తన పరీక్షల్లో మంచి ఫలితాలొచ్చాయని చెబుతోంది. నేను మాత్రం లెక్కకే ఓటేస్తాను. కాబట్టి దమ్ములోనూ పిలకలప్పుడూ వేసే యూరియాలో కోత పెట్టకు. దానికి తోడుగా ఒకసారి పైన కొడతానంటే కొట్టు. కొట్టువాడు సీసా కొంటేనే బస్తా ఇస్తానన్నా సరే, సీసా ఉంది కదా అని బస్తా మానెయ్యకు.

జింకు దగ్గర నా ఆశ వేరు. మొక్కకు అది కావలసిందే కొంచెం, అందులో నానోకి అర్థముంది. మన తిరుపతి పరిశోధనా స్థానంలోనే వేరుశనగ మీద ఈ పని చేసి 2012లో ఫలితాలు అచ్చువేశారు. నానో జింక్ ఆక్సైడ్‌తో విత్తనశుద్ధి చేశారు. పది లక్షల్లో వెయ్యి వంతులు, అంటే లీటరుకు గ్రాము మోతాదులో మొలక బాగా వచ్చింది, మొక్క పుంజుకుంది, మామూలు జింక్ సల్ఫేట్ వేసిన దానికంటే కాయ పెరిగింది. అదే మందు లీటరుకు రెండు గ్రాములయ్యేసరికి ఎదుగుదల దెబ్బతింది. చూశావా, మేలుకీ కీడుకీ మధ్య ఒక్క గ్రాము! నీకు చెయ్యి కాస్త ధారాళం, "ఇంకో మూత పోస్తే పోయిందేముంది" అంటావు. ఇందులో అది పనికిరాదు.

ఎందుకంటే బెల్లం గడ్డ నీళ్ళలో వేస్తే మెల్లగా కరుగుతుంది, పొడి చేసి వేస్తే క్షణంలో కలిసిపోతుంది. నానో అంటే ఆ పొడిని ఇంకా ఇంకా నలిపి మీటరులో వంద కోట్లో వంతు కొలతల్లోకి తేవడం. 1 నుంచి 100 నానోమీటర్ల లోపు రేణువులవి. మన తల వెంట్రుక మందమే ఎనభై వేల నానోమీటర్ల దాకా ఉంటుంది. పదార్థం అదే అయినా నీటికీ వేరుకీ తగిలే పైభాగం ఎన్నో రెట్లవుతుంది, పనితీరే మారిపోతుంది.

ఏ లోహమన్నది కూడా చూసుకోవాలి నాయనా. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళు సోయాచిక్కుడును నానో జింక్ ఆక్సైడ్, నానో సీరియం ఆక్సైడ్ కలిపిన మట్టిలో కాయ ముదిరేదాకా పెంచారు. సీరియం అంటే డీజిల్లో కలిపే సరుకు. జింకు ఆకుల్లోకీ గింజల్లోకీ చేరింది, కానీ మొక్క దాన్ని కరిగించి తన రసాల్లో కలుపుకుంది. సీరియం అలా కరగలేదు, కాయలో కొంత రేణువుగానే దొరికింది. సీరియం మోతాదు ఎక్కువైన కుండీల్లో వేరు బుడిపెలు నత్రజని పట్టడమే దాదాపు మానేశాయి. సోయా అయినా వేరుశనగ అయినా కందయినా బతికేది ఆ బుడిపెల మీదే కదా. నానో వెండి అని తెగుళ్ళకు అమ్ముతున్నారు. వెండి బాక్టీరియాని చంపుతుంది, బుడిపెలో పనిచేసే రైజోబియం కూడా బాక్టీరియానే. డ్రిప్పులో గానీ మొదళ్ళలో గానీ అలాంటిది పొయ్యొద్దు. లోపల ఏ లోహం ఎంత శాతముందో రాయని సీసాని, ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కింద అనుమతి చూపని సీసాని ఎంత చవకైనా ముట్టుకోకు. ఇలాంటి సరుకుని ఎలా పరీక్షించాలో 2020లోనే కేంద్రం మార్గదర్శకాలు పెట్టింది, అడిగే హక్కు నీకుంది.

ఇక చేలో చెయ్యాల్సింది. నాలుగు సాళ్ళు ఏ నానో మందూ తగలకుండా వదిలిపెట్టు, గట్టున కాదు, చేని నడిమధ్య. నలభై, నలభై అయిదు రోజులకు పదునున్నప్పుడు అటు అయిదు మొక్కలు, ఇటు అయిదు మొక్కలు వేర్లు తెగకుండా పారతో లేపు. మట్టి విదిలించి బుడిపెని బొటనవేలి గోరుతో చీల్చు. లోపల గులాబీరంగో ఎరుపో ఉంటే పని జరుగుతున్నట్టు. పచ్చగానో బూడిదరంగుగానో ఉంటే, అదీ మందు పడిన సాళ్ళలోనే ఉంటే, మళ్ళీ కొట్టకు, ఫోటో తీసి నాకు పంపు. కాయ కోసినప్పుడు కూడా ఆ నాలుగు సాళ్ళ కాయ విడిగా ఎండబెట్టి తూకం వెయ్యి, పక్కనున్న నాలుగు సాళ్ళ కాయ విడిగా వెయ్యి.

పొడి రూపంలో ఉన్నది కలిపేటప్పుడు మాత్రం ముక్కుకి తువ్వాలు చుట్టుకుంటే చాలదు. అంత సన్నని రేణువు గుడ్డలోంచి పోయి ఊపిరితిత్తుల అడుగుదాకా దిగుతుంది. సరైన మాస్కు కొనుక్కో, గాలికి ఎదురు నిలబడి కొట్టకు, డబ్బా కడిగిన నీళ్ళు బావి వైపు పారనియ్యకు. మాస్కు డబ్బులు నేను పంపుతాను, నువ్వు పెట్టుకుంటే చాలు.