ఊరు ఎంచుకునేది ఎవరు?

సుమతీ శతకంలో ఎలాంటి ఊళ్ళో కాపురం ఉండాలో చెప్పే పద్యం మనకు చిన్న క్లాసుల్లోనే నేర్పిస్తారు. అవసరానికి అప్పు ఇచ్చే మనిషి, వైద్యుడు, ఎండిపోని ఏరు, పూజలు చేయించే బ్రాహ్మణుడు ఉన్న ఊరు చూసుకోమని, అవి లేని ఊరి జోలికి పోవద్దని దాని తాత్పర్యం. పరీక్షలో తాత్పర్యం రాసి మార్కులు తెచ్చుకున్నాక ఆ పద్యంతో నాకు మళ్ళీ పని పడలేదు. ఈ ఏడాది పడింది.

మా నాన్న కొత్వాల్ చావడిలో ఒక హోల్‌సేల్ షాపులో లెక్కలు రాస్తారు. ఆ షాపు వాళ్ళు ఆంధ్రాలో రెండు కొత్త షాపులు తెరుస్తున్నారు, ఒకటి విజయవాడలో, ఒకటి తిరుపతిలో. నమ్మకమైన మనిషి కావాలని నాన్నను అడిగారు. జీతం బాగా పెరుగుతుంది. రెండు ఊళ్ళలో ఏది కావాలో నువ్వే చెప్పు అన్నారు. నా పదో తరగతి పరీక్షలు అయ్యాక వెళ్ళాలి. నాన్న పాత డైరీలో ఒక పేజీ మధ్యన గీత కొట్టి, అటు విజయవాడ, ఇటు తిరుపతి అని రాసి, కింద ఒక్కొక్కటే వేసుకుంటూ వచ్చారు. ఇంటి అద్దె, ఆస్పత్రి, మంచినీళ్ళు, నాకు కాలేజీ, గుడి. చూస్తే అది సుమతీ శతకమే! వందల ఏళ్ళు గడిచినా మనిషి ఊరిని చూసే చూపు పెద్దగా మారినట్టు లేదు.

నీళ్ళ విషయంలో మాత్రం ఏరు పక్కనుంటే చాలు అనుకోవడానికి ఇప్పుడు వీల్లేదు. 2019 ఎండాకాలంలో చెన్నైకి నీళ్ళిచ్చే చెరువులు ఎండిపోతే జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్ళు తెచ్చారు. మా వీధిలో బిందెల వరుస నాకు బాగా గుర్తుంది. విజయవాడకు కృష్ణ ఉంది కదా అంటే, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి అక్కడ సింగ్‌నగర్ మునిగిపోయింది. అసలు మన నగరం తాగే నీళ్ళలో కూడా కొన్ని కృష్ణ నీళ్ళే. తెలుగు గంగ కాలువలో కండలేరు నుంచి పూండికి వస్తాయి, 1996లో మొదటిసారి వచ్చాయి. ఏరు మనకంటే ముందే రాష్ట్రం మారింది అవ్వా అంటే మా అవ్వ నవ్వింది.

నా అసలు సందేహం వేరే. ఆ పద్యం సుమతి అనే ఒక్క మనిషితో చెప్పినట్టు ఉంటుంది. ఇంట్లో నలుగురు ఉంటే నలుగురికీ అదే వైద్యుడు, అదే అప్పిచ్చేవాడు సరిపోతారా? మా అమ్మను చూస్తే సరిపోరని అనిపించింది.

మేము ఉండేది కొరుక్కుపేటలో. అమ్మ ఇంట్లోనే మెషిన్ పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. చుట్టుపక్కల నాలుగు వీధుల ఆడవాళ్ళు ఆమె దగ్గరికే వస్తారు. ఎవరి భుజం ఎంత, ఎవరికి చెయ్యి బిగుతుగా ఉంటే నచ్చదు, ఎవరు దీపావళి ముందురోజు గుడ్డ తెచ్చి సాయంత్రానికే కావాలని కూర్చుంటారు, అన్నీ ఆమెకు తెలుసు. లైనింగ్ గుడ్డ, హుక్కులు, దారం వాషర్‌మెన్‌పేట ఎం.సి. రోడ్డులో ఒక షాపులో తెస్తుంది. ఆ షాపాయన వెంటనే డబ్బు అడగడు. చిన్న పుస్తకంలో రాసుకుంటాడు, పండగ అయ్యాక అమ్మ కట్టేస్తుంది. పోయిన ఏడాది నాన్నకు టైఫాయిడ్ వచ్చి రెండు నెలలు బాకీ ఆగిపోయినా ఆయన గుడ్డ ఇవ్వడం ఆపలేదు.

శతక కవి అప్పిచ్చేవాణ్ణి అన్నిటికంటే ముందు ఎందుకు పెట్టాడో నాకు అప్పుడు తెలిసింది. అప్పు పుట్టాలంటే ముందు ఎదుటివాడికి మన మీద నమ్మకం పుట్టాలి. విజయవాడలోనూ లైనింగ్ గుడ్డ దొరుకుతుంది, ఇంకా చవగ్గా దొరుకుతుందేమో కూడా. కానీ అక్కడ అమ్మ పేరు ఏ షాపు పుస్తకంలోనూ ఉండదు. మెషిన్ను లారీలో వేసుకుపోవచ్చు. పన్నెండేళ్ళుగా సంపాదించిన ఆ నమ్మకాన్ని వేసుకుపోలేం. నాన్న జీతం ఆయన ఏ ఊరు పోతే ఆ ఊరు వస్తుంది. అమ్మ సంపాదన ఇక్కడే ఆగిపోతుంది. తమిళనాడు ప్రభుత్వం 2023 సెప్టెంబరు నుంచి నెలకు వెయ్యి రూపాయలు ఇస్తున్న మగళిర్ ఉరిమై తొగై కూడా ఈ రాష్ట్రంలో ఉన్నంత వరకే. డైరీలో ఈ రెండూ లేవు. నాన్న దాచిపెట్టారని కాదు, ఆయనకు తోచలేదు అంతే. ఎవరు లెక్క రాస్తే వాళ్ళకు పోయేవే అందులోకి వస్తాయి.

రామాయణంలో కూడా ఇలాంటిది ఉంది. రాముడు అడవికి బయలుదేరినప్పుడు సీత వాదించి మరీ వెంట వెళ్ళింది. లక్ష్మణుడూ తనే పట్టుబట్టి వెళ్ళాడు. ఊర్మిళను ఎవరూ అడిగినట్టు వాల్మీకి చెప్పలేదు. మన ఆడవాళ్ళ పాటల్లో ఊర్మిళాదేవి నిద్ర అని ఒకటి ఉంది. అందులో ఆమె ఆ పద్నాలుగేళ్ళూ నిద్రపోతుంది. మా అవ్వ చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో ఆ పాట విన్నదట. వాల్మీకి వదిలేసిన మనిషి గురించి ఆ ఆడవాళ్ళకు ఎందుకు పాడాలనిపించిందో నాకు ఇప్పుడు కొంచెం తెలుస్తోంది.

ఒక్క ఇల్లు కాకుండా రాష్ట్రమే ఊరు ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు ఏం చేశారు? ఆ సంగతి మన నగరంలోనే జరిగింది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి బాగా సంపాదించారు. ఆంధ్రపత్రిక కూడా బొంబాయిలోనే పుట్టింది. 1914లో దాన్ని దినపత్రికగా మద్రాసు నుంచి నడపడం మొదలుపెట్టారు. అప్పుడు తెలుగు జిల్లాలకు కూడా మద్రాసే రాజధాని. మైలాపూరులో ఆయన ఇంటి పేరు శ్రీబాగ్. 1937 నవంబరు 16న కోస్తా వాళ్ళు, రాయలసీమ వాళ్ళు ఆ ఇంట్లో ఒక ఒప్పందం చేసుకున్నారు. ఆంధ్ర రాష్ట్రం వస్తే రాజధాని, హైకోర్టు రెండూ ఒకే చోట పెట్టకుండా ఒకటి కోస్తాకు, ఒకటి సీమకు ఇవ్వాలి. వాటిలో ఏది కావాలో ముందు కోరుకునే హక్కు రాయలసీమది. నాకు ఈ రెండో మాట చాలా నచ్చింది. కోస్తా వాళ్ళతో కలిస్తే వెనకబడిపోతామేమో అని భయం ఉన్నది సీమ వాళ్ళకు. ఆ భయం ఉన్నవాళ్ళకే మొదటి మాట ఇచ్చారు.

1952లో పొట్టి శ్రీరాములు గారు అదే మైలాపూరులో 58 రోజులు నిరాహారదీక్ష చేసి డిసెంబరు 15న ప్రాణం వదిలారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మద్రాసు మాత్రం అందులో లేదు. కర్నూలు రాజధాని అయింది, హైకోర్టు గుంటూరుకు వెళ్ళింది. కర్నూల్లో కట్టడాలు చాలక ఆఫీసులు గుడారాల్లో నడిచాయి. 1956 నవంబరు 1న మళ్ళీ అన్నీ సర్దుకుని హైదరాబాదు పోయారు. మద్రాసు నుంచి వెళ్ళిన ఒక గుమాస్తా ఇల్లు ఎలా ఉండేదో ఊహించుకోండి. మూడేళ్ళలో మూడు ఊళ్ళు. ఆయనకు ఉద్యోగం ఉంది, గుడారంలోనైనా ఒక బల్ల ఉంది. ఆయన భార్యకు, తల్లికి ఏముంది? ప్రాంతాలకు మొదటి మాట, రెండో మాట అని రాసుకున్నారు గానీ ఇళ్ళ లోపలికి ఆ ఒప్పందం వచ్చినట్టు లేదు.

వెళ్ళకుండా ఇక్కడే ఉండిపోయిన తెలుగువాళ్ళ సంగతి ఇంకో విచిత్రం. ఒక్క అడుగు కదలకుండానే వాళ్ళకు తెలుగు రాష్ట్రం వేరే రాష్ట్రం అయింది. అందుకని నాన్న “మన రాష్ట్రానికి పోతున్నాం” అంటే నాకు ఆ “మన” దగ్గర ఆగాలనిపిస్తుంది. ఇక్కడ మమ్మల్ని తెలుగువాళ్ళు అంటారు. సెలవుల్లో నెల్లూరు పోతే మా మామ పిల్లలు “అరవోళ్ళు వచ్చారు” అంటారు. నవ్వుతూనే అంటారు, నేనూ నవ్వుతాను. కానీ అక్కడికి పోయి స్థిరపడితే రోజూ నవ్వగలనా అన్నది తెలీదు.

నాన్న వైపు కూడా న్యాయం ఉంది. “సంపాదించేవాడి మీదే కదా బాధ్యత. అందర్నీ అడిగితే నలుగురికి నాలుగు ఊళ్ళు అవుతాయి. అయినా మీ అవ్వ వద్దనలేదు కదా” అన్నారు. నా కాలేజీ ఫీజు ఆయన జీతం నుంచే రావాలి, ఆ సంగతి నేను మర్చిపోలేదు. కానీ ఆ చివరి మాట నాకు కుదరలేదు. మా సోషల్ టీచరు ఒకసారి సోక్రటీసు గురించి చెప్పారు. క్రీ.పూ. 399లో మరణశిక్ష పడ్డాక, పారిపోదాం రమ్మని స్నేహితుడు క్రీటో పిలిస్తే ఆయన పోలేదు. నచ్చకపోతే వేరే నగరానికి వెళ్ళే స్వేచ్ఛ ఉండి కూడా ఇన్నేళ్ళు ఏథెన్సులోనే ఉన్నానంటే దాని చట్టాలకు ఒప్పుకున్నట్టే కదా అన్నాడని ప్లేటో రాశాడు. సోక్రటీసు విషయంలో అది సరే. ఆయన వెళ్ళగలిగి వెళ్ళలేదు. అవ్వ వద్దంటే ఈ వయసులో ఒక్కతే ఇక్కడ ఉండగలదా? అద్దె ఎవరు కడతారు? కాదనే దారే లేని మనిషి ఊరుకుంటే దాన్ని ఒప్పుకోవడం కింద ఎలా రాస్తాం?

ఓట్లు వేసుకుందాం అని నేను అనడం లేదు. ముగ్గురం వద్దన్నామని నాన్న అంత జీతం వదులుకోవాలంటే అదీ అన్యాయమే. నేననేది వరస గురించి. శ్రీబాగ్‌లో రాసుకున్నట్టు ఎవరికి ఎక్కువ పోతుందో వాళ్ళు ముందు చెప్పాలి, సంపాదించేవాళ్ళు అన్నీ విని చివర నిర్ణయించాలి. చాలా ఇళ్ళల్లో ఇది తిరగేసి జరుగుతుంది. ముందు నిర్ణయం అయిపోతుంది, తర్వాత “ఏమంటారు?” అని అడుగుతారు. అప్పుడు అనడానికి ఏమీ ఉండదు.

ఇదంతా నాన్నతోనే చెప్పాను, కొంచెం గట్టిగానే. వారం రోజులు ఆయన ఏమీ అనలేదు. పోయిన ఆదివారం అన్నాల దగ్గర అవ్వను అడిగారు, “అమ్మా, నీకు ఏ ఊరైతే బాగుంటుంది?” అని.

“రెండిట్లో పట్నానికి ఏది దగ్గర్రా అబ్బయా?” అంది అవ్వ. ఆమెకు చెన్నై ఇప్పటికీ పట్నమే. తిరుపతి రైల్లో మూడున్నర గంటలు, విజయవాడ ఆరేడు గంటలు అని నాన్న చెప్పారు. “అయితే తిరుపతే. నెలకోసారి స్టాన్లీకి వచ్చి మాత్రలు తీసుకుపోతాను.” తిరుపతిలో రుయా ఉంది, స్విమ్స్ ఉంది, అంత దూరం ఎందుకు అన్నారు నాన్న. “ఉంటే ఉండనీ. అక్కడి నర్సమ్మకు నా పేరు తెలుసా?” అంది. అమ్మ ఎం.సి. రోడ్డు షాపు సంగతే అవ్వ ఇంకో రకంగా చెప్పింది అనిపించింది నాకు.

తర్వాత అమ్మను అడిగారు. అమ్మ ఊరి పేరే చెప్పలేదు. “ఏ ఊరైనా సరే, దీపావళి అయ్యాక నేను వస్తాను. అంతవరకు మీరు ముందు పోయి ఉండండి. ఆ ఒక్క పండగ గిరాకీ పోతే నాకు ఏడాది పోయినట్టే. కొత్త ఊళ్ళో మొదలుపెట్టడానికి చేతిలో డబ్బుండాలి కదా” అంది. ఏ ఊరు అన్నదాని గురించే ఇన్ని రోజులు మాట్లాడుకున్నాం. ఎప్పుడు అన్నది ఎవరికీ తట్టలేదు. నాన్న యజమానిని అడిగి చెప్తానన్నారు.

నా వరస మూడోది, ఎందుకంటే నాకు పోయేది తక్కువ. అందరూ నాకు లాభమే అంటున్నారు, ఆంధ్రాలో హాయిగా తెలుగులో చదువుకోవచ్చు కదా అని. విచారిస్తే మా మామ పిల్లలంతా ఇంగ్లీషు మీడియమే. ప్రైవేటు కాలేజీల్లో లెక్కలు, సైన్సు తెలుగులో చెప్పేవాళ్ళను వెతుక్కోవాలట. ఇక్కడ పదేళ్ళు తెలుగు మీడియంలో చదివి, తెలుగు రాష్ట్రానికి పోయి అది వదిలేయాలి! మా క్లాసులో పద్నాలుగు మందిమి. ఒకరు తగ్గితే పదకొండో తరగతి లెక్కలో అది కనిపిస్తుందని మా టీచర్లకు తెలుసు. నాన్న నన్ను అడిగినప్పుడు ఈ సంగతి చెప్పాను, ఊరు మాత్రం అవ్వ చెప్పిందే అన్నాను.

యజమాని జవాబు ఇంకా రాలేదు. ఈలోగా పబ్లిక్ పరీక్షలు వస్తున్నాయి. 2006 చట్టం ప్రకారం మనకూ తమిళం పేపరు ఉంది కదా. ఏ ఊరు పోయినా ఆ పేపరు ఇక్కడే రాయాలి. నాకు తిరుక్కురళ్‌లో ఇంకా రెండు అధికారాలు మిగిలి ఉన్నాయి.