బలి అడగని కొలత

మా బలిఘట్టంలో వరాహ నది ఉత్తర దిక్కుగా పారుతుంది. ఒడ్డున బ్రహ్మలింగేశ్వరుడు ఉన్నాడు. బలి చక్రవర్తి ఇక్కడే యజ్ఞం చేశాడని మావాళ్ల నమ్మకం. పోస్టాఫీసు కౌంటర్లో పనిచేసి రిటైరైన నన్ను బలి కథలో ఎప్పుడూ ఆపేసేది వామనుడు అడిగిన ఆ మూడడుగుల నేలే. అంతకంటే సులువైన ఒప్పందం ఎక్కడుంది? కానీ ఎవరి పాదంతో కొలవాలో బలి అడగలేదు.

డబ్లిన్‌లో ఉన్న మా అమ్మాయి మొన్న ఫోన్‌లో, "నాన్నా, కరెన్సీ హెడ్జ్ ఉన్న ఫ్లోటింగ్ రేట్ బాండ్ ఫండ్ ఒకటి చూస్తున్నాను. ఇది కాంప్లెక్స్ అంటావా?" అంది. యూరప్ నిబంధనల్లో యూసిట్స్ అనే, సామాన్య మదుపరులకు అమ్మే మామూలు ఫండ్లు సంక్లిష్టం కానివాటి కిందకే వస్తాయి. కొనేవాళ్లే వచ్చి అడిగితే, వాళ్లకు అర్థమైందో లేదో చూడకుండానే అమ్మవచ్చు.

ఫ్లోటింగ్ రేటు మనకు కొత్త కాదు. రిజర్వు బ్యాంకు ఫ్లోటింగ్ బాండుకు పోస్టాఫీసు పొదుపు పత్రం ఎన్‌ఎస్‌సీ రేటు మీద 0.35 శాతం కలుపుతారు, జనవరి 1న, జులై 1న మారుస్తారు. ఎన్‌ఎస్‌సీ 7.7 అయితే బాండు 8.05. కౌంటర్ దగ్గర ఎవరికైనా ఒక్క నిమిషంలో చెప్పొచ్చు. అమ్మాయి ఫండ్‌లో బాండ్లు డాలర్లవి, ఆమె పొదుపు యూరోల్లో. డాలరు పడిపోతే నష్టం రాకుండా, రాబోయే తేదీకి డాలర్లను ఇప్పుడే ఒక ధరకు అమ్మి పెడతారు. ఇదే హెడ్జ్. గడువు తీరగానే మళ్లీ అదే పని. డాలరు వడ్డీ యూరో వడ్డీకన్నా ఎక్కువున్నప్పుడు, ఆ తేడా దాదాపుగా ఈ ఏర్పాటుకే పోతుంది. ఆశపెట్టిన వడ్డీ చేతికొచ్చే వడ్డీ కాదన్నమాట. బాండు జారీచేసినవాడు చెల్లించలేకపోతే హెడ్జ్ కాపాడదు. 2020 మార్చిలో ఇలాంటి ఫండ్ల ధరలూ పడ్డాయి.

భాగాలు ఎక్కువున్నంత మాత్రాన దేన్నీ సంక్లిష్టం అనను. ఇచ్చేవాడికి కొలత కనబడకపోతేనే అది సంక్లిష్టం. దానానికి దేశం, కాలం, పాత్ర, అంటే ఎదుటి మనిషిని కూడా, చూడమన్నారు పెద్దలు. కానీ చట్టం వస్తువునొక్కదాన్నే చూసి ముద్ర వేస్తుంది, ఎదుట నిలబడ్డ మనిషిని చూడదు. ఇది నాకు ఒప్పుదల కాదు.

బలి తెలిసే ఇచ్చాడు కదా అనవచ్చు. నిజమే, శుక్రాచార్యుడు వచ్చినవాడెవరో చెప్పాడు, కలశ రంధ్రానికి అడ్డుపడి కన్ను కూడా పోగొట్టుకున్నాడు. అయినా ధారపోశాడు కాబట్టే ఆయన బలి. కానీ అది దానం, ఫలం వదులుకున్నవాడి పని. మా అమ్మాయిది పిల్లవాడి చదువు కోసం దాచిన సొమ్ము. దాన్ని ఆమె ఎవరికీ ధారపోయలేదు. బలికున్న తెగువ పొదుపరికి ఉండాలనడం అన్యాయం. పాదం ఎంతో ముందే చెప్పాల్సిన ధర్మం అడిగేవాడిదే, అంటే అమ్మేవాడిదే.

"నాకు విడమరిచి చెప్పగలిగితే కొనుక్కో అమ్మా" అన్నాను. రేటు ఎలా మారుతుందో చెప్పింది, బాండ్లు ఎవరివో చెప్పింది. హెడ్జ్‌కి ఏటా ఎంత పోతుందన్న దగ్గర ఆగిపోయింది. ఆ అంకె కోసం ఫండ్ వాళ్లకు రాసింది.